అడగనివాళ్ళను ముందు తలుచుకో

చి.ల.సౌ. మా అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది.

తల్లీ, ఈ జూలైలో నాలుగు కుటుంబాలు కలిసి లేక్ తాహో వెళ్దామనుకుంటున్నామని, అప్పటికి తెనాలి నుంచి మీ అత్తగారూ మామగారూ వచ్చి ఉంటారు కాబట్టి వాళ్ళనీ తీసుకెళ్తామని సంక్రాంతి నాడు ఫోన్లో చెప్పావు. చాలా సంతోషం వేసింది. క్యాబిన్ తీసుకోవాలా, క్యాంప్‌గ్రౌండులో గుడారాలు వేసుకోవాలా అని అడిగావు. ఇన్నేళ్ళుగా శాక్రమెంటో పక్కనే కాపురం ఉంటూ, వేసవి వస్తే ఆ కొండలెక్కే అలవాటున్నదాన్ని కాబట్టి, ఆ ఒక్క ప్రశ్నతో ఆగకుండా నాకు తెలిసినదంతా నీ చెవిన వేస్తాను. ఓపిగ్గా చదువు. అల్లుడికీ చదివి వినిపించు.

అన్నిటికన్నా ముందు ఒక మాట. ఇలాంటి ప్రయాణాల్లో నోరున్నవాళ్ళ కోరికలు ఎలాగూ తీరతాయి. పడవ ఎక్కుతానన్నవాళ్ళు ఎక్కుతారు, కొండ ఎక్కుతానన్నవాళ్ళు ఎక్కుతారు. అడగనివాళ్ళు కొందరుంటారు. చలేస్తోందని మీ అత్తగారు చెప్పరు. మోకాలు పీకుతోందని మామగారు చెప్పరు. మూడేళ్ళ చంటిదానికి చెప్పడమే చేతకాదు. వాళ్ళే కాదు. ఆ అడవి అడగదు, ఎలుగుబంటి అడగదు, అంత పెద్ద సరస్సూ తనకేం కావాలో అడగదు. వీళ్ళందరి తరఫున ఇంట్లో కూర్చునే ఆలోచించి పెట్టుకోవడాన్నే నేను ప్లాన్ అంటాను. గది బుక్ చేయడం అందులో ఒక చిన్న పని.

ముందు చోటు సంగతి తెలుసుకో. తాహో సముద్రమట్టానికి 6,225 అడుగుల ఎత్తున ఉంది. మన తిరుమల కొండ ఎత్తు 2,800 అడుగుల చిల్లర, అంటే అంతకు రెట్టింపు పైమాటే. పొడవు 22 మైళ్ళు, వెడల్పు 12 మైళ్ళు, చుట్టూ తీరం 72 మైళ్ళు, లోతు 1,645 అడుగులు. పడమటి వైపు కాలిఫోర్నియా, తూర్పు వైపు నెవాడా. ఎన్నో వందల తరాలుగా అది వాషో ప్రజల చోటు. వేసవి రాగానే వాళ్ళ కుటుంబాలన్నీ లోయల్లోంచి వచ్చి ఆ ఒడ్డునే కలుసుకునేవి, చేపలు పట్టుకునేవి. వాళ్ళ వారసులు ఇప్పటికీ ఆ చుట్టుపక్కలే ఉన్నారు. మన పిల్లలకు దారిలోనే ఈ మాట చెప్పండి. ఎవరి చోటికి వెళ్తున్నామో తెలిస్తే నడవడిక దానంతట అదే కుదురుతుంది.

ఇక నీ ప్రశ్న. నా సలహా రెండూ తీసుకోమనే. పెద్దవాళ్ళు, చంటిది, వాళ్ళను చూసుకోవడానికి మీరిద్దరు ఒక చిన్న క్యాబిన్‌లో ఉండండి. గుడారాల సరదా ఉన్నవాళ్ళు దానికి దగ్గర్లోని క్యాంప్‌గ్రౌండులో ఉండనీ. పగలంతా ఒడ్డున అందరూ కలిసే ఉంటారు, చీకటి పడ్డాక ఎవరి పడక వారిది. మీ పెద్దాడు గుడారంలో పడుకుంటానని మారాం చేస్తాడు, వాడినీ వాళ్ళ నాన్ననూ ఒక రాత్రి అటు పంపు. సౌత్ లేక్ తాహోలో క్యాబిన్ తీసుకుంటే ఫారెస్ట్ సర్వీసు వాళ్ళ ఫాలెన్ లీఫ్, నెవాడా బీచ్ క్యాంప్‌గ్రౌండులు దగ్గర. పడమటి ఒడ్డున టహోమాలో తీసుకుంటే షుగర్ పైన్ పాయింట్ స్టేట్ పార్కు పక్కనే ఉంటుంది. అటువైపు రద్దీ కాస్త తక్కువ, చెట్ల నీడ ఎక్కువ.

క్యాబిన్ ఫొటోలు చూసి మోజుపడకు. అక్కడ మంచు విపరీతంగా పడుతుంది కాబట్టి చాలా ఇళ్ళకు కింద కారు షెడ్డు, పైన కాపురం. వీధిలోంచి గుమ్మానికి చేరాలంటేనే పదిహేను ఇరవై మెట్లుంటాయి. కింది అంతస్తులో పడకగదీ బాత్‌రూమూ ఉన్నాయా, మెట్లకు కమ్మీ ఉందా, రాత్రి గది వేడెక్కే ఏర్పాటు ఉందా, చెత్త వేయడానికి ఎలుగుబంటి తెరవలేని ఇనప పెట్టె ఉందా, ఎన్ని కార్లు పెట్టుకోవచ్చు, రద్దు చేసుకుంటే డబ్బు ఎంత తిరిగొస్తుంది, ఇవన్నీ యజమానిని రాతపూర్వకంగా అడుగు. అద్దెకిచ్చే ఇళ్ళకు స్థానిక ప్రభుత్వం పర్మిట్ ఇస్తుంది, దాని నంబరు ప్రకటనలో ఉందో లేదో చూడు. ఎంతమంది ఉండవచ్చో అందులోనే రాసి ఉంటుంది. ఎనిమిదిమందికి అనుమతి ఉన్న ఇంట్లో పద్నాలుగుమంది సర్దుకుందామనే ఆలోచన ఎవరు తెచ్చినా ఒప్పుకోకు. పక్కింట్లో ఉన్నవాళ్ళు ఏడాది పొడుగునా అక్కడే బతికేవాళ్ళు, పొద్దున్నే లేచి పనికి వెళ్ళేవాళ్ళు.

మీ అత్తగారికి ముందే ఫోన్ చెయ్యి. “ఎలా ఉంటే బాగుంటుందత్తయ్యా?” అని మాత్రం అడగకు. “మీ ఇష్టమమ్మా, నాకేం ఫరవాలేదు” అంటారు. రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, ఎన్ని మెట్లు ఎక్కగలరు, కింద కూర్చుంటే లేవగలరా, వేణ్ణీళ్ళ స్నానం ఒకపూట లేకపోతే ఇబ్బందా, ఇలా విడివిడిగా అడుగు. అప్పుడు నిజం బయటికొస్తుంది. మామగారి సంగతి కూడా ఆవిడనే అడుగు, ఆయన చెప్పరు.

క్యాంప్‌గ్రౌండు సంగతి ఈ వారమే తేల్చుకోండి. కాలిఫోర్నియా స్టేట్ పార్కుల్లో చోటు మామూలుగా ఆరు నెలల ముందు అదే తేదీన ఉదయం 8 గంటలకు బుకింగుకు తెరుచుకుంటుంది. జూలై మూడో వారానికి వెళ్ళాలంటే జనవరి మూడో వారంలో పొద్దున్నే కంప్యూటరు ముందు కూర్చోవాలన్నమాట. ఫారెస్ట్ సర్వీసు చోట్లకు వేరే వెబ్‌సైటు, వేరే వేళ. రెండింటిలోనూ ముందే ఖాతాలు తెరిచి, కార్డు వివరాలు పెట్టి ఉంచుకోండి. స్టేట్ పార్కుల్లో ఒక్కో సైటుకు 8 మందికి మించి ఉండనివ్వరు, కొన్నిచోట్ల అంతకన్నా తక్కువే. కాబట్టి పక్కపక్కన రెండు సైట్లు చూసుకోవాలి. మ్యాపులో టాయిలెట్ ఎక్కడుందో చూసి, రాత్రి పిల్లల్ని నడిపించుకు వెళ్ళగలిగేంత దగ్గరగా, తలుపు చప్పుళ్ళు వినపడనంత దూరంగా ఎంచుకోండి. షవర్లున్నాయో లేదో, ఆ ఏడు మరమ్మతుల కోసం మూసి ఉంచారేమో కూడా చూడండి. దొరక్కపోతే నిరాశపడకండి. మనసు మార్చుకున్నవాళ్ళు వదిలేసే చోట్లు రోజూ కొన్ని వస్తూనే ఉంటాయి. మీకే వీలుపడకపోతే ఆ రోజుదాకా ఆగకుండా ముందే రద్దు చేయండి, ఇంకో కుటుంబం వెళ్తుంది.

తేదీల విషయంలో జూలై 4 వారాన్ని వదిలెయ్యండి. 2023లో ఆ పండగ మర్నాడు స్వచ్ఛంద సేవకులు తాహో ఒడ్డున ఏరిన చెత్త 8,000 పౌండ్ల పైచిలుకు. అంత జనంలో మీ మామగారు నిలబడ్డానికి చోటుండదు, చంటిది తప్పిపోతే వెతకడమూ కష్టమే. పిల్లల బడులు ఆగస్టు నడుమనే తెరుస్తారు కాబట్టి మీకు జూలై మూడో వారమే మేలు. ఆదివారం మధ్యాహ్నం ఎక్కి గురువారం దిగండి, ఎదురు వచ్చే రద్దీయే తప్ప మీతో వచ్చే రద్దీ ఉండదు. మీ ఫ్రీమాంట్ నుంచి దాదాపు 200 మైళ్ళు, దారి ఖాళీగా ఉంటే నాలుగు గంటలు. శుక్రవారం సాయంత్రమైతే అదే దారి ఎంత సేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. ప్లాసర్‌విల్‌లో ఆగి, పెద్దవాళ్ళను కాస్త నడిపించి, టీ తాగించి అప్పుడు కొండ ఎక్కండి. ఆపైన మలుపులు, ఎకో సమ్మిట్ దగ్గర 7,300 అడుగులు దాటుతారు.

ఎత్తు సంగతి తేలిగ్గా తీసుకోకు. సముద్రమట్టం నుంచి సగం రోజులో ఆరువేల అడుగులు ఎక్కితే కొందరికి తలనొప్పి, ఆయాసం, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. అవి మామూలుగా ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటాయి. మొదటిరోజు ఏ కార్యక్రమమూ పెట్టుకోకండి, ఒడ్డున కూర్చోవడమే కార్యక్రమం. అందరిచేతా మంచినీళ్ళు తాగిస్తూ ఉండు. రాత్రి లేవాల్సొస్తుందని పెద్దవాళ్ళు నీళ్ళు తగ్గిస్తారు, అది కనిపెట్టి చూడు. మామగారికి గుండెకో బీపీకో మందులుంటే, ఈ ఎత్తుకు వెళ్ళవచ్చా అని ఊరి నుంచి బయల్దేరే ముందే డాక్టరును అడగమను. మందులు చెక్ చేసిన సంచీలో కాకుండా చేతిసంచీలో ఉండాలి, చీటీ నకలు నీ ఫోన్లో ఉండాలి. విజిటర్ ఇన్సూరెన్సు తీసుకోకుండా ఆ విమానం ఎక్కించకండి. సౌత్ లేక్ తాహోలో బార్టన్ ఆసుపత్రి, ఉత్తరాన ట్రకీలో తాహో ఫారెస్ట్ ఆసుపత్రి ఉన్నాయి. మీరు దిగే చోటికి ఏది దగ్గరో ముందే చూసి పెట్టుకో.

అక్కడ జూలైలో కూడా రాత్రిళ్ళు వణికిస్తుంది. పగలు పాతిక డిగ్రీల ఎండ కాసినా, తెల్లవారుజామున ఆరేడు డిగ్రీలకు పడిపోతుంది. తెనాలి ఎండల్లోంచి వచ్చినవాళ్ళకు అది మాఘమాసం చలికన్నా ఎక్కువ. స్వెట్టరు, ఉన్ని శాలువా, మేజోళ్ళు, మంకీ క్యాప్ పెద్దవాళ్ళిద్దరికీ నువ్వే సర్దు. గుడారంలో పడుకునేవాళ్ళు ఒంటిమీద కప్పుకునేదాని మీద పెట్టే శ్రద్ధ ఒంటికింద పరుచుకునేదాని మీద కూడా పెట్టాలి, చలి నేలలోంచే ఎక్కుతుంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఎంత చలేసినా బొగ్గుల కుంపటిగానీ గ్రిల్‌గానీ గ్యాస్ పొయ్యిగానీ గుడారంలోకి, గదిలోకి తీసుకురావద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగుండదు, వాసనుండదు. నిద్రలో ఉన్నవాళ్ళు నిద్రలోనే పోతారు. నలుగురిలో ఎవరో ఒకరికి ఈ ఆలోచన వస్తుంది, అప్పుడు నువ్వు అడ్డుపడాలి.

వంట గురించి. ఆ ఎత్తులో నీళ్ళు 94 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు పెడితే ఎంతసేపటికీ మెత్తబడదు. ప్రెషర్ కుక్కరు తప్పకుండా పట్టుకెళ్ళు. మొదటిరోజుకు ఇంట్లోనే పులిహోర, చపాతీలు చేసుకుని వెళ్ళండి. దోసెల పిండి పులిసినదే ఐసు పెట్టెలో పెట్టుకో, అక్కడి చలికి పులవదు. కారప్పొడి, పచ్చడి, పెరుగు ఉంటే పెద్దవాళ్ళకు పూట గడిచిపోతుంది. క్యాబిన్‌లో పోపు పెట్టేముందు కిటికీ తెరిచి, పొయ్యి మీది ఫ్యాన్ వేసుకో. మిరపకాయల పొగకు అలారం మోగిందంటే చంటిది హడలిపోతుంది. క్యాంపులో పనులు ముందే పంచుకోండి. పొద్దున కాఫీ ఒక ఇంటివాళ్ళది, మధ్యాహ్నం భోజనం ఇంకొకరిది, గిన్నెలు మగవాళ్ళవి. వంటంతా నువ్వూ మీ అత్తగారూ చేసి, మిగతావాళ్ళు నీళ్ళు చూసి వచ్చే విహారం వద్దు.

మన తిండి వాసన దూరానికి వెళ్తుంది, అక్కడ ఆ వాసన కోసం తిరిగేవి నల్ల ఎలుగుబంట్లు. మనుషుల జోలికి రావడం అరుదు, తిండి జోలికి రావడం మామూలు. కారు తలుపు పిడి పట్టుకుని తెరవడం కూడా వాటికి తెలుసు. ప్రతి క్యాంపు సైటులోనూ ఇనప లాకరు ఉంటుంది. తిండి, తాగే సోడాలు, కుక్కరు, చెత్త సంచీ మాత్రమే కాదు, టూత్‌పేస్టు, సబ్బు, కొబ్బరినూనె, సన్‌స్క్రీన్, చంటిదాని బిస్కెట్లు, అగరొత్తులు కూడా అందులోకే వెళ్ళాలి. మామగారి జేబులో ఏలక్కాయలుంటాయి, అవి కూడా. కారు సీట్ల కిందా, చంటిదాని కార్‌సీటు మడతల్లోనూ రాలిన జంతికల ముక్కలు బయల్దేరే ముందే దులిపించు. తింటున్నప్పుడు తప్ప లాకరు మూసే ఉండాలి, గొళ్ళెం పడిందో లేదో లాగి చూడాలి.

ఈ జాగ్రత్త మన కోసం ఎంతో ఎలుగుబంటి కోసమూ అంతే. తాహోలో ఇళ్ళల్లోకి చొరబడుతోందని హ్యాంక్ ద ట్యాంక్ అని పేరుపెట్టి ఒక ఎలుగుబంటి మీద ఆ మధ్య పెద్ద గొడవ జరిగింది. తీరా డీఎన్ఏ పరీక్షలు చేస్తే ఆ పనులు చేసినవి ఒకటికి మించి ఉన్నాయని తేలింది. 2023 ఆగస్టులో పట్టుకున్నది మూడు పిల్లల తల్లి. దాన్ని కొలరాడోలోని సంరక్షణ కేంద్రానికి పంపించారు, ఇక తన అడవి చూడదు. మనుషుల తిండి రుచి మరిగిన వాటిలో అది అదృష్టవంతురాలు. చాలావాటిని చంపేయాల్సి వస్తుంది. మనం లాకరు మూయకపోతే ఆ శిక్ష దానికి పడుతుంది.

పిల్లలు చిప్‌మంకులనే చారల ఉడతల్ని చూసి ముచ్చటపడి పల్లీలు వేస్తారు, వేయనివ్వకు. 2021 ఆగస్టులో టేలర్ క్రీక్ దగ్గర వాటిలో ప్లేగు కనిపించి, అక్కడి సందర్శక కేంద్రాన్ని కొన్నాళ్ళు మూసేశారు. దూరం నుంచి చూస్తే వాటికీ మంచిదే, వీళ్ళకూ మంచిదే.

నిప్పు మాట చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం పెరుగుతుంది తల్లీ. 1861లో మార్క్ ట్వేన్ కుర్రతనంలో తాహో ఒడ్డున విడిది చేసినప్పుడు, వంటకు ఆయన రాజేసిన నిప్పు చెయ్యి జారి అడవికి అంటుకుంది. 1872లో వచ్చిన తన పుస్తకంలో ఆయనే ఆ సంగతి రాశాడు. అప్పుడు చుట్టూ ఇళ్ళు లేవు. 2007 జూన్‌లో అనుమతి లేని చోట వేసిన చలిమంట ఆంగోరా కార్చిచ్చయింది. 254 ఇళ్ళు బూడిదయ్యాయి. 2021లో కాల్డోర్ కార్చిచ్చు వస్తుంటే సౌత్ లేక్ తాహో ఊరు ఊరంతా ఖాళీ చేయాల్సొచ్చింది. కాబట్టి మంటకు అనుమతి ఉందో లేదో బయల్దేరే రోజు ఒకసారి, చేరాక క్యాంపు సిబ్బందిని ఒకసారి అడగండి. వద్దంటే వద్దు, బతిమాలకండి. ఉందంటే ఏర్పాటు చేసిన ఇనప వలయంలోనే వేయండి. కట్టెలు ఇక్కడినుంచి మోసుకెళ్ళకండి, వాటిలో దాగి ఉన్న పురుగులు అక్కడి చెట్లకు చేటు. అక్కడే కొనుక్కోండి. పడుకునేముందు నీళ్ళు పోసి, కలియబెట్టి, మళ్ళీ పోసి, చేతివెనక భాగం దగ్గరపెట్టి చూస్తే వేడి తగలకూడదు. అప్పటిదాకా ఎవరూ గుడారంలోకి వెళ్ళకూడదు. సిగరెట్టు అలవాటున్న స్నేహితుడెవరైనా ఉంటే అతనికి ముందే చెప్పించు.

ఊరు విడిచి వెళ్ళమని హెచ్చరిక వస్తే ఎటు వెళ్ళాలో కూడా ముందే అనుకోండి. కొండల్లో దారులు కొన్నే. కారులో ఎప్పుడూ సగానికి తగ్గకుండా పెట్రోలు గానీ చార్జి గానీ ఉంచండి. ఫోన్లు చాలాచోట్ల పలకవు, కాబట్టి మ్యాపు కాగితం మీదా ఉండాలి. విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో పిల్లలతో సహా అందరికీ తెలియాలి.

ఇక నీళ్ళు. అద్దంలా కనిపిస్తాయి, అడుగున రాళ్ళు లెక్కపెట్టవచ్చు. ఆ అందం చూసి లోతు తక్కువనుకుంటాం. ఒడ్డు దగ్గర నడుములోతు ఉన్న నేల కొన్నిచోట్ల ఉన్నట్టుండి జారిపోయి వందల అడుగుల లోతులోకి దిగుతుంది. నీళ్ళు ఎండాకాలంలోనూ చల్లనే. నడివేసవిలో కూడా ఇరవై డిగ్రీల దరిదాపుల్లో ఉంటాయి, అంతకు ముందైతే ఇంకా తక్కువ. ఒక్కసారిగా దూకితే ఊపిరి గుక్క పట్టేస్తుంది, ఈత బాగా వచ్చినవాళ్ళకూ చేతులు ఆడవు. మెల్లగా పాదాలు, మోకాళ్ళు, నడుము తడుపుకుంటూ దిగమను.

పడవలు, కయాకులు పొద్దున్నే. మధ్యాహ్నం దాటాక గాలి లేస్తుంది, ఆ గాలికి ఊదిన బొమ్మ పడవల మీదున్న పిల్లలు చూస్తుండగానే లోపలికి కొట్టుకుపోతారు. 2025 జూన్ 21 మధ్యాహ్నం హఠాత్తుగా తుఫాను లేచి, పెద్ద అలలకు డి.ఎల్. బ్లిస్ పార్కు దగ్గర ఒక పడవ తిరగబడింది. అందులో ఉన్న పదిమందిలో ఎనిమిదిమంది పోయారు. ఆ కుటుంబాలను తలుచుకుంటే గుండె చెరువవుతుంది. భయపెట్టడానికి చెప్పడం లేదు, లైఫ్ జాకెట్ గురించి ఎవరైనా వాదిస్తే గుర్తుచేయడానికి చెబుతున్నాను. కాలిఫోర్నియా చట్టం ప్రకారం చిన్న పడవల్లో 13 ఏళ్ళలోపు పిల్లలు అది తొడుక్కునే ఉండాలి. మీరు పెద్దవాళ్ళు కూడా తొడుక్కోండి. మీ అత్తగారికి పడవ ఎక్కాలని ఉంటే ఎక్కించు, కానీ ఆ పూటకు చీర బదులు చుడీదార్. తడిసిన చీర బరువూ, కాళ్ళకు చుట్టుకోవడమూ నీళ్ళలో ప్రమాదం. పిల్లలు నీళ్ళలో ఉన్నంతసేపూ ఒక మనిషి కాపలా ఉండాలి, ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు. అరగంటకొకరు మారండి. అందరూ చూస్తున్నారంటే ఎవరూ చూడటం లేదన్నమాటే.

మనుషుల తరఫున చెప్పాను, ఇప్పుడు ఆ సరస్సు తరఫున. 63 వాగులు వచ్చి అందులో కలుస్తాయి, బయటికి వెళ్ళేది ఒక్క ట్రకీ నది. ఆ నది కూడా ఎడారిలోని పిరమిడ్ సరస్సులో ఆగిపోతుంది, సముద్రం చేరదు. తాహోలో పడ్డ నీటిచుక్క బయటికి రావడానికి సగటున ఆరువందల ఏళ్ళు పైనే పడుతుందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అందుకే అక్కడివాళ్ళు 1960ల నుంచి ఊళ్ళ మురుగునీటినంతా పంపులు పెట్టి కొండలు దాటించి బయటికి పంపిస్తున్నారు. అయినా మునుపటి తేట లేదు. నీళ్ళలోకి ఒక తెల్లటి పళ్ళెం దించి, అది ఎంత లోతు వరకు కనిపిస్తుందో యూసీ డేవిస్ వాళ్ళు 1968 నుంచి కొలుస్తున్నారు. ఆ తొలి ఏడు సగటున 102 అడుగులు కనిపించేది. ఈమధ్య 60, 70 అడుగుల మధ్య ఆగుతోంది. రోడ్ల ధూళి, మట్టి, ఎరువులు, నాచు, ఇవన్నీ కలిసి చేసిన పని అది.

కాబట్టి సబ్బు ఆ నీళ్ళలో వద్దు, దేనితో చేసినదైనా వద్దు. గిన్నెలు కడిగిన నీళ్ళు వడగట్టి, మెతుకులు చెత్తలో వేసి, నీళ్ళు క్యాంపువాళ్ళు చూపిన చోట పారబోయండి. చంటిదానికి నీళ్ళలో వేసే ప్రత్యేకమైన డైపరు వెయ్యి. సొంత కయాకు పట్టుకెళ్తే ముందే కడిగి పూర్తిగా ఎండబెట్టండి. వేరే నీళ్ళలోంచి అంటుకొచ్చే ఆల్చిప్పలు ఒక్కసారి అందులో చేరితే మళ్ళీ వదిలించడం ఎవరితరమూ కాదు.

ఇంకో సున్నితమైన సంగతి. అంత నీరు కళ్ళపడగానే మీ అత్తగారికి పసుపు కుంకుమ వదలాలనిపిస్తుంది, పువ్వో దీపమో వేయాలనిపిస్తుంది. గంగమ్మ కనిపిస్తే మనవాళ్ళ చెయ్యి ఊరుకోదు, అది మంచి మనసే. అక్కడికి వెళ్ళాక అందరి ముందూ వద్దనకు, చిన్నబుచ్చుకుంటారు. ఇంటి దగ్గరే కూర్చోబెట్టి చెప్పు. “అత్తయ్యా, మన కృష్ణ సముద్రానికి పోతుంది, ఈ తల్లి ఎక్కడికీ పోలేదు, మనం ఇచ్చినదంతా కడుపులోనే దాచుకోవాలి” అని చెబితే ఆవిడే అర్థం చేసుకుంటారు. రెండు చేతులా నీళ్ళు తీసుకుని, కళ్ళకద్దుకుని, సూర్యుడికి చూపి అక్కడే వదిలితే చాలు. అంతకు మించిన పూజ ఆ నీళ్ళకు అక్కర్లేదు.

చూడవలసినవి చాలా ఉన్నాయి, రోజుకొకటి చాలు. ఎమరాల్డ్ బే పైనుంచి అందరూ చూడగలరు, కానీ పొద్దున 8 లోపే వెళ్ళండి, తరువాత కారు పెట్టడానికి చోటు దొరకదు. అడుగున 1929లో కట్టిన వైకింగ్స్‌హోమ్ అనే భవనం ఉంది. మైలు దూరం దిగుడు, తిరిగి వచ్చేటప్పుడు అదంతా నిట్టనిలువు ఎక్కుడు. మామగారు వస్తానంటారు, వద్దని బతిమాలడం కన్నా ఆ పూటకు ఆయనకు ఇంకో ఏర్పాటు చెయ్యి. టేలర్ క్రీక్ దగ్గర చదునైన బాట, దాని చివర నేలలోకి దిగి అద్దంలోంచి వాగు లోపల చేపల్ని చూసే గది ఉన్నాయి. తాతా మనవరాలూ అక్కడ హాయిగా కాలక్షేపం చేస్తారు.

రాత్రి పదింటికి గొంతులు తగ్గించండి. అంత్యాక్షరి ఆడుకోండి, ఎనిమిదింటికే మొదలుపెట్టి పదిలోపు ముగించండి. స్పీకరు ఇంట్లోనే వదిలి వెళ్ళండి. పక్క గుడారంలో మనలాంటి అమ్మ ఎవరో బిడ్డను జోకొడుతూ ఉంటుంది.

ఇన్ని జాగ్రత్తలు విని నీరసపడకు తల్లీ. ఇవన్నీ ఇంటి దగ్గర రెండు సాయంత్రాల పని. ఆ పని అయిందా, అక్కడ నువ్వు చేయాల్సింది కాళ్ళు నీళ్ళలో పెట్టుకు కూర్చోవడమే. ఈ ఆదివారం నాలుగు కుటుంబాలనూ పిలిచి, ఇందులోంచి ఎవరి వంతు ఏదో రాయించు. పిల్లల్ని కూడా కూర్చోబెట్టు. మీ పెద్దాడికి తొమ్మిదేళ్ళొచ్చాయి, ఎలుగుబంటి లాకరు వాడి బాధ్యత చెయ్యి. ప్రతి రాత్రీ గొళ్ళెం లాగి చూడటం, నాన్నమ్మకు శాలువా అందిందా లేదా చూడటం, రెండూ వాడివే. తాను ఎన్నడూ చూడని ఎలుగుబంటి కోసం, నోరు తెరిచి అడగని నాన్నమ్మ కోసం నాలుగు రోజులు అలా చూసుకున్న పిల్లాడికి ఎదుటివాళ్ళ అవసరం వాళ్ళు చెప్పకముందే కనిపెట్టడం అలవాటవుతుంది. ఈ ప్రయాణంలో వాడికి మీరివ్వగలిగినదాంట్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది అదే.

తేదీలు ఖాయం కాగానే నాకు చెప్పు. వెళ్ళేటప్పుడు మా ఇల్లు దారిలోనే కదా, ఆ మధ్యాహ్నం భోజనం ఇక్కడే. క్షేమంగా వెళ్ళి రండి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ